ఆడగుర్రానికి మాటిమాటికీ కడుపునొప్పి వస్తుంటే కారణం ఎక్కడ వెతకాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. షాద్‌నగర్ దగ్గర ఫామ్‌లో ఉన్న మీ తొమ్మిదేళ్ల మార్వారీ ఆడగుర్రానికి నాలుగు నెలల్లో అయిదుసార్లు కోలిక్, అంటే కడుపునొప్పి, వచ్చింది. వచ్చిన ప్రతిసారీ డాక్టర్ వచ్చి ఇంజక్షన్ చేస్తే రెండు మూడు గంటల్లో తేరుకుంటోంది. రక్తపరీక్ష మామూలుగానే ఉంది. నట్టల మందు కూడా వేశారు. ఒకరు అల్సర్ అంటున్నారు, ఒకరు ఇసుక అంటున్నారు, ఇంకొకరు పళ్లు గీయించమంటున్నారు. ఎదకొచ్చినప్పుడు ఆడగుర్రాలకు ఇది మామూలే అని కూడా ఎవరో అన్నారు. ఎవరి మాట వినాలి, అసలు కారణం ఎలా పట్టుకోవాలి అన్నది మీ ప్రశ్న.

నేను పశువైద్యుణ్ణి. మొదట కొన్నాళ్లు రేసు గుర్రాల దగ్గర చేశాను. ఆ తర్వాత నుంచి హైదరాబాద్ చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌లు, రైడింగ్ స్కూళ్లు, పెళ్లి గుర్రాలవాళ్లు, వీళ్లతోనే. అంతా కలిపి ఇరవై రెండేళ్లయింది. సూటిగా చెప్తాను.

గుర్రం కడుపు కన్నా ముందు మీ క్యాలెండర్ చూడండి. ఆ అయిదుసార్లు ఏ తేదీన, ఏ వేళకు వచ్చింది, దానికి ముందు రెండు రోజుల్లో మేతలో, నీళ్లలో, పనిలో, మందుల్లో ఏం మారింది అని రాసుకోండి. నేను చూసిన కేసుల్లో ఎక్కువ శాతం కారణం బయటపడింది ఆ కాగితం మీదే. మీరు రాసిన వివరాలను బట్టి నా మొదటి అనుమానం ఇసుక. దానికి తోడు మేత తరచూ మారిపోవడం. అల్సర్ ఉంటే ఉండొచ్చు, కానీ అదొక్కటే అయిదుసార్లు పడగొట్టిందంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

కారణాల సంగతికి వెళ్లేముందు ఒక్క మాట, ఇది మాత్రం పక్కన పెట్టకండి. ఆరోసారి వచ్చినప్పుడు "ఎప్పుడూ వచ్చేదేగా" అనుకోవద్దు. అయిదుసార్లు తేలిగ్గా పోయిన గుర్రానికి ఆరోసారి పేగు మెలిపడొచ్చు. స్టెతస్కోపు ఒకటి కొనుక్కోండి, పెద్ద ఖర్చేం కాదు. ఎడమ మోచేతి వెనక పెడితే గుండె వినిపిస్తుంది. తీరిగ్గా ఉన్న గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకోవాలి. 60 దాటి అక్కడే నిలబడిందంటే, చిగుళ్లు ఎర్రగానో నీలంగానో మారాయంటే, చిగురు మీద వేలు నొక్కి తీశాక రెండు సెకన్లలో రంగు తిరిగి రాలేదంటే, ఇంజక్షన్ చేసిన గంటకో రెండు గంటలకో మళ్లీ దొర్లుతోందంటే ఇక ఇంటి దగ్గర ఉంచొద్దు. ఆపరేషన్ చేయగల చోటికి బండి కట్టించాలి. ఆ చోటు ఎక్కడుంది, అర్ధరాత్రి బండి ఎవరు తెస్తారు అన్నది ఈ వారమే కనుక్కుని నంబర్లు శాల గోడ మీద రాసి పెట్టండి.

ఇంకో సంగతి. మన దగ్గర నాలుక పక్కకు లాగి పట్టుకుని, సీసాతోనో వెదురు గొట్టంతోనో వాము కషాయం, ఇంగువ నీళ్లు, నూనె గొంతులో పోసే అలవాటు ఉంది. దయచేసి అది చేయనివ్వకండి. గుర్రం వాంతి చేసుకోలేదు. పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతే కడుపునొప్పి తగ్గి న్యుమోనియాతో పోయిన గుర్రాలను నేను చూశాను. నూనె పట్టించాల్సి వస్తే డాక్టరే ముక్కులోంచి గొట్టం వేసి కడుపులోకి చేర్చాలి.

ఇక మీ గుర్రం సంగతి. ఇంజక్షన్‌తో తగ్గిపోతోంది కాబట్టి పెద్ద జబ్బేం కాదని మీరనుకుంటున్నట్టుంది. మీ డాక్టర్ వేసింది బహుశా ఫ్లునిక్సిన్ అయి ఉంటుంది. మంచి మందే, నేనూ వేస్తాను. కానీ అది నొప్పిని అణిచేస్తుందే తప్ప నొప్పి ఎక్కడి నుంచి వస్తోందో చెప్పదు. పైగా పన్నెండు గంటల దాకా గుర్రం అసలు పరిస్థితి మనకు కనపడనివ్వదు. అందుకే ఇక ముందు ఇంజక్షన్‌కు ముందే గుండె వేగం, జ్వరం, చిగుళ్ల రంగు, రెండు డొక్కల్లో పేగుల చప్పుడు, ఆఖరిసారి లద్ది ఎప్పుడు వేసింది, ఈ అయిదూ రాయించండి. డాక్టర్ వచ్చేలోపు మీ సైస్, అంటే గుర్రాన్ని చూసుకునే మనిషి, కూడా రాయొచ్చు.

క్యాలెండర్ అని ఎందుకంటున్నానో ఒక కేసు చెప్తాను. కాచిగూడ వైపు ఒకాయనకు పెళ్లి గుర్రాల వ్యాపారం. ఆయన దగ్గరున్న తెల్ల ఆడగుర్రానికి ఏడాదిలో తొమ్మిదిసార్లు కోలిక్. నాకన్నా ముందు ముగ్గురు చూశారు. నేనూ మూడుసార్లు ఇంజక్షన్ చేసి డబ్బులు తీసుకుని వచ్చేశాను. నాలుగోసారి అర్ధరాత్రి రెండింటికి లేపాక, చిరాకేసి, నా రసీదు పుస్తకం, ఆయన బుకింగుల నోటుపుస్తకం పక్కపక్కన పెట్టి చూశాం. నొప్పి వచ్చిన ప్రతి తేదీకి అదే రోజో, ముందు రోజో బారాత్ ఉంది. మూఢాల్లో, ముహూర్తాలు లేని రోజుల్లో ఒక్కసారీ లేదు. గుర్రానికి పంచాంగం తెలుసండీ అని ఆయన నవ్వాడు.

పంచాంగం కాదు, ఆ రోజుల్లో జరిగేది వేరు. సాయంత్రం నాలుగింటికి అలంకరణ మొదలు. అప్పటి నుంచి రాత్రి ఒంటి గంట దాకా నోట్లో గడ్డిపోచ పడదు. అలంకరణ పాడవుతుందని నీళ్లూ పెట్టరు. గుర్రం తిన్నా తినకపోయినా దాని కడుపులో యాసిడ్ ఊరుతూనే ఉంటుంది. ఖాళీ కడుపుతో బ్యాండు మేళం మధ్య గంతులేయిస్తే ఆ యాసిడ్ పైకి, కాపాడే పొర లేని భాగానికి చిమ్ముతుంది. ఇంటికొచ్చాక పాపం ఆకలితో ఉందని మూడు కిలోల నానిన శనగలు ఒక్కసారే. దీనికి తోడు మోకాలి నొప్పికని వారానికి నాలుగు రోజులు ఫినైల్‌బ్యుటజోన్ పొడి. అది ఎక్కువ వాడితే కడుపునూ, పెద్దపేగునూ రెంటినీ పుండు చేస్తుంది. ఆ పొడి సంగతి ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. కాలి మందుకు, కడుపుకు సంబంధం ఉంటుందని ఆయనకు తట్టలేదు.

పొడి ఆపించాం. అలంకరణ చేసేటప్పుడు పక్కన వల సంచిలో గడ్డి కట్టించాం, దారిలో రెండుచోట్ల నీళ్లు. రాత్రి తిరిగొచ్చాక గడ్డి మాత్రమే, దాణా పొద్దున. నాలుగు వారాలు ఒమెప్రజోల్, యాసిడ్ తగ్గించే మందు. తర్వాతి రెండు పెళ్లిళ్ల సీజన్లలో ఒక్కసారే వచ్చింది, అదీ పెళ్లివారు ముచ్చటపడి లడ్డూలు తినిపించిన రోజు.

మీరు రాసేటప్పుడు వేళ కూడా ముఖ్యం. దాణా తిన్న గంటలోపు నొప్పి మొదలవుతుంటే కడుపు వైపు, అల్సర్ వైపు చూస్తాను. రాత్రంతా లద్ది వేయకుండా, పొద్దునకు నీరసంగా, డొక్క వైపు తిరిగి చూసుకుంటూ కనిపిస్తే పేగులో మేత గట్టిపడిందనుకుంటాను. ఇరవై ఒక్క రోజులకోసారి వస్తుంటే అండాశయాలు. గడ్డి కొత్త లోడు దిగిన రెండో రోజో మూడో రోజో వస్తుంటే కారణం ఆ లోడులోనే. చలి మొదలైన వారం వచ్చిందంటే నీళ్లు తాగడం తగ్గి ఉంటుంది.

ఇప్పుడు ఇసుక. మీరే రాశారు, పగలు ఇసుక పోసిన ఆవరణలో వదులుతాం, గడ్డి నేల మీదే వేస్తాం అని. ఒకపూట గడ్డి అయిపోతే సాయంత్రం దాకా ఖాళీగానే ఉంటుందని కూడా రాశారు. ఆకలేసిన గుర్రం నేల మీది పోచలు ఏరుకుంటూ పెదవులతో ఇసుక కూడా ఊడుస్తుంది. రోజుకు పిడికెడు పోయినా చాలు. అది పెద్దపేగు అడుగున చేరి కూర్చుంటుంది. బరువుగా ఉంటుంది కాబట్టి మేతతో పాటు కదలదు. కొన్నాళ్లు లోపలి పొరను గీరుతుంది, ఆపైన దారి మూస్తుంది.

ఇంట్లోనే చేసే పరీక్ష ఒకటుంది. మీ ఊళ్లో ఆవులకు సూదులేసే గోపాలమిత్ర దగ్గర భుజం దాకా వచ్చే ప్లాస్టిక్ గ్లౌజు ఉంటుంది, ఒకటి అడిగి తీసుకోండి. గుర్రం లద్ది వేయగానే నేలకు తగలని పై ఉండలు ఆరో ఏడో తీసి అందులో వేసి, ముప్పావు వంతు నీళ్లు పోసి, బాగా పిసికి కలిపి, మూతి కట్టి మేకుకు వేలాడదీయండి. పావుగంట ఆగి కింద వేళ్ల భాగాన్ని పట్టుకుని చూడండి. గడ్డి, పీచు పైకి తేలి ఉంటాయి, ఇసుక ఉంటే వేళ్ల చివర్లోకి దిగి కరకరలాడుతుంది. చిటికెడు ఉంటే కంగారు అక్కర్లేదు, నేల మీద మేసే గుర్రానికి అంత ఉంటుంది. చెంచాడు ఉంటే మాత్రం లోపల నిల్వ ఉన్నట్టే. మూడు నాలుగు రోజులు వరసగా చేయండి. ఇసుక పడకపోతే లేదని మాత్రం అనుకోకండి, కదలకుండా కూర్చున్న ఇసుక లద్దిలోకి రాదు. స్టెతస్కోపును రొమ్ము ఎముక వెనక, పొట్ట అడుగున పెట్టి నాలుగైదు నిమిషాలు ఓపిగ్గా వినండి. ఒడ్డున అల వెనక్కి పోతూ ఇసుకను ఈడ్చుకెళ్తున్నట్టు చప్పుడు వస్తే అది ఇసుకే. నేను మొదటిసారి విన్నప్పుడు బాపట్ల బీచ్ గుర్తొచ్చింది. ఖాయంగా తెలియాలంటే పొట్ట అడుగుభాగం ఎక్స్‌రే తీయించాలి.

ఇసుకకు మందు ఇసబ్‌గోల్ పొట్టు. విదేశాల నుంచి డబ్బాల్లో వచ్చే ఖరీదైన గుళికలు కొనక్కర్లేదు, వాటిలో ఉండేదీ మన గుజరాత్ ఉంఝా, సిద్ధపూర్ మార్కెట్ల నుంచి వెళ్లే ఇదే పొట్టు. కిలో బరువుకు ఒక గ్రాము చొప్పున మీ గుర్రానికి రోజుకు 380 గ్రాములు, మూడు నాలుగు వారాలు. పొడిగా దాణాలో కలిపి, పైన కాస్త నూనె చిలకరించి వెంటనే పెట్టండి. నీళ్లు పోసి పది నిమిషాలు వదిలితే జిగురు ముద్దయిపోతుంది, అది మీ గుర్రం కాదు కదా నేనూ తినను. తర్వాత నెలకు ఒక వారం చొప్పున చాలు. ఎక్స్‌రేలో ఎక్కువగా కనిపిస్తే ఇంటి వైద్యం సరిపోదు, డాక్టర్ గొట్టం వేసి ఇసబ్‌గోల్‌తో పాటు మెగ్నీషియం సల్ఫేట్ కూడా కొన్ని రోజులు పట్టించాలి. గడ్డిని నేల మీద వేయడం మానకపోతే ఇదంతా దండగే. రబ్బరు చాప పరిచి దాని మీద పెట్టండి, లేదా తొట్టెలో.

మేత విషయానికొస్తే, ఉదయం రెండు కిలోల శనగలు, కిలో గోధుమ పొట్టు, సాయంత్రం మళ్లీ అంతే అని రాశారు. రెండు కిలోలు నానబెట్టక ముందా, నానాకా? ఎండువైతే చాలా ఎక్కువ. రోజుకు అరగంట లాంజింగ్ (పొడవాటి తాడు పట్టుకుని గుండ్రంగా తిప్పడం) చేసే 380 కిలోల గుర్రానికి అంత దాణా పని లేదు. సగానికి సగం తగ్గించి, అదీ మూడు పూటలుగా పెట్టండి. ఒక్కసారే తగ్గించకుండా పది పన్నెండు రోజుల మీద.

గుర్రానికి అసలు తిండి గడ్డి. బరువులో నూటికి ఒకటిన్నర నుంచి రెండు వంతులు, అంటే మీ గుర్రానికి ఆరు నుంచి ఏడున్నర కిలోల ఎండు మేత రోజూ పడాలి. సూపర్ నేపియర్ గడ్డి పచ్చగా నిండుగా కనిపిస్తుంది కానీ అందులో నూటికి ఎనభై పాళ్లు దాకా నీళ్లే. పది కిలోలు వేస్తే కడుపులోకి వెళ్లిన మేత రెండు కిలోలే. మీరు వారానికోరకంగా, ఒకసారి జొన్న చొప్ప, ఒకసారి నేపియర్, అది దొరక్కపోతే వరిగడ్డి వేస్తున్నారు. ఆవు దీన్ని తట్టుకుంటుందేమో. గుర్రం పెద్దపేగులో మేతను పులియబెట్టే సూక్ష్మజీవులు ఒక రకం గడ్డికి అలవాటు పడటానికే రెండు వారాలు తీసుకుంటాయి. అవి కుదురుకునేలోపు మీరు గడ్డి మారుస్తున్నారు. మేత మారిన రెండు వారాల్లోపు కోలిక్ రావడం ఎక్కువని గుర్రాల వైద్యంలో అందరికీ తెలిసిన సంగతే. ఒకే రకం ఎండుగడ్డి రెండు నెలలకు సరిపడా కొని కప్పు కింద పెట్టుకోండి. పచ్చగడ్డి ఉంటే పైన రుచికి.

జొన్న చొప్ప ముదురుదైతే ముక్కలు కొట్టించండి. పెద్దపేగు లోపల ఒకచోట వెనక్కి మడత పడి, అక్కడే ఒక్కసారిగా సన్నబడుతుంది. ముదురు కాడలు, తక్కువ నీళ్లు కలిస్తే గట్టిపడేది ఆ మడత దగ్గరే. ఇది డిసెంబరు, జనవరుల్లో ఎక్కువ చూస్తాను. రాత్రిళ్లు చల్లబడితే తొట్టెలో నీళ్లు గుర్రం ముట్టుకోదు. బోరు నీళ్లు పొద్దున్నే పట్టి గోరువెచ్చగా ఉండగానే పెడితే తాగుతుంది. ఎంత తాగుతోందో మీకు తెలుసా? ఆటోమేటిక్ గిన్నె ఉంటే తెలియదు. ఓ వారం బకెట్లతో పెట్టి లెక్కేయండి. మీ గుర్రం పనిలేని రోజున కూడా ఇరవై లీటర్లకు అటూ ఇటూగా తాగాలి, ఎండల్లో దానికి రెట్టింపు. దాణాలో రోజుకు నలభై గ్రాముల ఉప్పు వేయండి, దాహం అదే తెప్పిస్తుంది.

పళ్లు: గీయించమన్నవాళ్లు తప్పు చెప్పలేదు, కానీ ముందు లద్ది చూడండి. ఉండను విప్పితే అంగుళం దాటిన పోచలు కనిపిస్తున్నా, తొట్టె పక్కన నమిలి ఉమ్మేసిన గడ్డి ముద్దలు పడి ఉన్నా పళ్లు చూపించాల్సిందే. నోరు మూసుకోకుండా పట్టి ఉంచే గ్యాగ్ పెట్టి, లైటు వేసి, వెనక దవడ పళ్ల దాకా చూసే మనిషి కావాలి. ముందు పళ్లు చూసి బాగున్నాయనేవాళ్లు చాలామంది.

నట్టలు: మీరు వేసింది ఐవర్‌మెక్టిన్ అని రాశారు. అది బద్దె పురుగు మీద పనిచేయదు. గుర్రాల్లో వచ్చే బద్దె పురుగులు చిన్నపేగు, గుడ్డిపేగు కలిసేచోట గుంపుగా అతుక్కుని ఇలాంటి నొప్పులే తెస్తాయి. మామూలు లద్ది పరీక్షలో వాటి గుడ్లు తరచూ కనపడవు. నేనే ఒక కేసులో ఐవర్‌మెక్టిన్ మూడుసార్లు వేసి, లద్ది రిపోర్టు బాగుందని చూపించి, "నట్టల సమస్య లేనే లేదు" అని గట్టిగా చెప్పాను. ఆర్నెల్ల తర్వాత ప్రాజిక్వాంటెల్ కలిసిన మందు వేశాక నొప్పులు ఆగిపోయాయి. ఆ యజమాని మంచివాడు, ఏమీ అనలేదు. కాబట్టి మీరు ప్రాజిక్వాంటెల్ ఒకసారి వేయించండి. మిగతా నట్టలకు మాత్రం గుడ్ల లెక్క చేయించాకే మందు.

గోమార్లు: ఇది బయటి పుస్తకాల్లో వెనక పేజీల్లో ఉంటుంది, మన దగ్గర ముందు పేజీలో ఉండాలి. గోమార్ల వల్ల వచ్చే పైరోప్లాస్మోసిస్ అనే రక్తంలోని పరాన్నజీవుల జబ్బు దీర్ఘకాలంగా ఉన్న గుర్రాలు అప్పుడప్పుడు మందకొడిగా, కడుపునొప్పి లాగా కనిపిస్తాయి. నొప్పి రోజున జ్వరం 101.5 ఫారెన్‌హీట్ దాటినా, చిగుళ్లు పాలిపోయి పసుపు ఛాయ తగిలినా రక్తం స్లైడు మీద చూపించండి. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి నమూనా పంపే ఏర్పాటు మీ డాక్టర్ చేయగలరు.

తొట్టె అంచు పళ్లతో పట్టుకుని గాలి మింగే అలవాటు ఉందా అన్నది మీరు రాయలేదు. ఉంటే చెప్పండి. ఆ అలవాటున్న గుర్రాలకు పదే పదే నొప్పి రావడం బాగా ఎక్కువ.

ఇక ఆడగుర్రం కాబట్టి అన్న మాట. కొన్ని ఆడగుర్రాలకు అండం విడుదలయ్యే రోజున నిజంగానే నొప్పి వస్తుంది. ఇరవై ఒక్క రోజుల చక్రం కాబట్టి క్యాలెండర్లో దొరికిపోతుంది. మీ తేదీలు అలా పడితే ఆ రోజునే స్కానింగ్ చేయించాలి, వేరే రోజు చేయిస్తే లాభం లేదు. అయితే ఇన్నేళ్లలో ఖాయంగా అండాశయం వల్లే అని నేను తేల్చిన కేసులు రెండే. ఆడగుర్రం అనగానే ఎదమీదికి తోసేయడం సైస్‌లకూ, డాక్టర్లకూ కూడా అలవాటైపోయింది. మగగుర్రంలా సకిలిస్తూ, మీద పడుతూ ఉంటే మాత్రం అండాశయంలో గడ్డ ఉందేమో చూడాలి. ఇంకొకటి: దాన్ని మీరు కొని ఎన్నాళ్లయింది? కొనేముందు మగగుర్రంతో ఉందా? చూడి ఉందని తెలియకుండా అమ్మిన గుర్రాలు సంతల్లో కొల్లలు. చూడి ఏడెనిమిది నెలలు దాటాక గర్భసంచి మెలిపడితే మొదట్లో తేలికపాటి కోలిక్ లాగే ఉంటుంది. డాక్టర్ మలద్వారంలోంచి చెయ్యి పెట్టి చూస్తే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.

అల్సర్ మాటకొస్తే, మూడు మీటర్ల ఎండోస్కోపు వేసి చూడటం ఒక్కటే ఖాయమైన పద్ధతి. అది అన్నిచోట్లా దొరకదు. కాబట్టి మందు వేసి చూడటం తప్పు కాదు: ఒమెప్రజోల్ కిలోకు 4 మిల్లీగ్రాములు, పొద్దున్నే ఖాళీ కడుపుతో, మేతకు గంట ముందు, 28 రోజులు. మనుషుల క్యాప్సూల్ విప్పి లోపలి గింజలు నూరి దాణాలో కలిపితే యాసిడ్‌లోనే పాడైపోతుంది, పేస్టే వాడండి. కానీ ఇసుక వైద్యం, మేత మార్పు, ఈ మందు మూడూ ఒకేరోజు మొదలుపెడితే రేపు తగ్గాక దేనివల్ల తగ్గిందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. అందుకే మేత, ఇసుక ముందు. నాలుగు వారాల్లో ఫలితం లేకపోతే అప్పుడు ఒమెప్రజోల్.

పరీక్షలు నొప్పి లేని రోజున చేయించండి. నొప్పి రోజున డాక్టర్ దృష్టంతా గుర్రం బతుకుతుందా లేదా అన్న దాని మీదే ఉంటుంది. తీరిక రోజున చెయ్యి పెట్టి లోపల చూడటం, పొట్ట స్కానింగ్‌లో పేగు గోడ మందం కొలవడం, రక్తంలో ప్రొటీన్, ఆల్బుమిన్, లివర్ ఎంజైములు చూడటం, అవసరమైతే పొట్టలోని ద్రవం తీయడం జరగాలి. మీరు చేయించిన రక్తపరీక్షలో ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రొటీన్) ఉందా, లేక కణాల లెక్క ఒక్కటేనా? పేగు గోడ వాచి ఉంటే ముందుగా తగ్గేది ఆల్బుమిన్. పని చేసిన కాసేపటికే నొప్పి వస్తుంటే కండరాల ఎంజైము కూడా చేయించండి. కండరాలు పట్టేసి కదలలేని గుర్రాన్ని కోలిక్ అనుకుని నూనె పట్టించినవాళ్లను చూశాను.

ఎక్స్‌రే మీద నేను పట్టుబట్టడానికి కారణం ఒకటుంది. చాలా ఏళ్ల కిందట ఒక ఫామ్‌లో గోధుమ రంగు ఆడగుర్రం. పదకొండు నెలల్లో ఆరుసార్లు తేలికపాటి నొప్పి, ప్రతిసారీ ఇంజక్షన్‌తో తగ్గడం. అచ్చం మీ దాని లాగే. లూసర్న్ గడ్డి బాగా పెట్టేవారు, గోధుమ పొట్టూ అంతే. నేను ప్రతిసారీ పేగు గట్టిపడిందని నూనె పట్టించి వచ్చాను. శాలకు తీసుకెళ్లే చిన్న ఎక్స్‌రే మిషన్ కాళ్లకు సరిపోతుంది, పొట్టకు దాని శక్తి చాలదు. పెద్ద మిషన్ ఉన్న చోటికి తీసుకెళ్లమని చెప్పాలని అనుకుంటూనే వాయిదా వేశాను. ఏడోసారి నొప్పి తగ్గలేదు. చనిపోయాక తెరిచి చూస్తే పెద్దపేగులో కొబ్బరికాయంత రాయి. రంపంతో కోయించాను. ఉల్లిగడ్డ పొరల్లాగా గుండ్రంగా పొరలు, నట్టనడుమ తుప్పు పట్టిన చిన్న మేకు. మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్ కలిసి ఆ మేకు చుట్టూ ఏళ్ల తరబడి పేరుకున్నాయి. దారిలో అడ్డం పడ్డప్పుడల్లా నొప్పి, వెనక్కి జారినప్పుడల్లా నా ఇంజక్షన్ పనిచేసినట్టు కనపడటం. సగం కోసిన ఆ రాయి ఇప్పటికీ నా బల్ల మీద ఉంది.

మీ గుర్రానికి రాయి ఉందని అనడం లేదు. ఇసుక కోసం తీయించే ఎక్స్‌రే పెద్ద మిషన్ మీద తీయిస్తే రాయి సంగతి కూడా చాలావరకు అదే ఫిల్ములో తేలిపోతుంది.

ముందు చేయాల్సింది ఆ అయిదు తేదీల కాగితం. ఒకటి దీపావళి మర్నాడు, ఒకటి సైస్ ఊరెళ్లిన వారంలో వచ్చాయని రాశారు కదా, ఆ రెండింటితో మొదలుపెట్టండి. ఆ రెండు రోజులూ గడ్డి ఎవరు వేశారు, ఎన్నింటికి వేశారు, దాణా ఎవరు కొలిచారు, పిల్లలు చేత్తో ఏమైనా తినిపించారా అని అడగండి. కోప్పడకుండా అడగండి. తిడతారని భయపడితే సైస్ ఏం అడిగినా "రోజూ లాగే పెట్టాను సార్" అనే అంటాడు. ఆ తేదీలు, గ్లౌజులో ఎంత ఇసుక దిగిందో, శనగలు ఎండువా నానినవా అన్నదీ ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.